విల్లు వేటకు మాటు గుడారం: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

టెక్సస్‌లో సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో విల్లు వేట మొదలవుతుంది. నవంబరు మొదటి శనివారం తుపాకులు అడవిలో దిగేదాకా, ఆ నెల రోజులూ దాదాపు విలుకాళ్ళవే. డాలస్, ఆస్టిన్ పరిసరాల్లో స్థిరపడిన మనవాళ్ళు కొందరు ఈ వేటలోకి వస్తున్నారు. విల్లు ఎంచుకోవడంలో వాళ్ళకు సాయం దొరుకుతోంది. కొట్టువాళ్ళు చేతుల పొడవు కొలిచి మరీ ఇస్తారు. ఎటొచ్చీ బ్లైండ్ దగ్గరే అందరూ డబ్బు పోగొట్టుకుంటున్నారు.

జంతువుకు కనబడకుండా పొంచి ఉండే చోటును మనం మాటు అంటాం. ఇక్కడ దాన్ని బ్లైండ్ అంటారు. తుపాకీ ఉన్నవాడు వంద గజాల దూరం నుంచి కాలుస్తాడు కాబట్టి చెట్టు చాటున కదలకుండా కూర్చుంటే సరిపోతుంది. విలుకాడికి జింక ఇరవై గజాల్లోకి రావాలి. అంత దగ్గరకు వచ్చాక నారి లాగాలి. ఆ చేయి కదలికను దాచి పెట్టేదే మంచి గుడారం. ఈ చిట్కాలన్నీ ఆ ఒక్క పని చుట్టూనే తిరుగుతాయి.

ముందే ఒక మాట. ఇదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటాడేవారికే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తర్వాత వినోదం కోసం వేటాడటం నేరం. ఈ గుడారాన్ని ఇండియాకు తీసుకెళితే పక్షుల ఫొటోలు తీయడానికే వాడాలి. అభయారణ్యంలో అయితే అటవీశాఖ అనుమతి తీసుకున్నాకే వేయాలి.

1. గుడారమా, గదా, తడకా ముందు తేల్చుకోండి.

చెక్కతోనో ఫైబర్‌గ్లాస్‌తోనో చేసి కాళ్ళ మీద నిలబెట్టే గదిని బాక్స్ బ్లైండ్ అంటారు. వెయ్యి డాలర్లు దాటుతుంది, ఏళ్ళ తరబడి నిలుస్తుంది, కానీ పెట్టిన చోటు నుంచి కదలదు. సొంత పొలం ఉన్నవారికి అది బాగుంటుంది. టెక్సస్‌లో నేల తొంభై శాతానికి పైగా ప్రైవేటువాళ్ళదే కాబట్టి, మనలో ఎక్కువమందిమి ఏడాదికింత అని కౌలు కట్టి వేటాడతాం. వచ్చే ఏడు ఆ కౌలు మనకే దక్కుతుందన్న నమ్మకం ఉండదు. కౌలు నేలలో వెయ్యి డాలర్ల గది కట్టుకోవడం నా దృష్టిలో పొరపాటు. మడిచి సంచిలో పెట్టుకుని భుజాన వేసుకుపోయే గుడారమే మనకు తగినది. వంద నుంచి రెండు వందల యాభై డాలర్ల మధ్య పనికొచ్చేవి దొరుకుతాయి. నాలుగు వందలు పైబడినవి ఇంకా బాగుంటాయి కానీ, మొదటి రెండు మూడేళ్ళు అంత అవసరం లేదు.

అసలు ఖర్చే వద్దనుకుంటే సెడార్ కొమ్మలతో తడక కట్టుకోవచ్చు. కాకపోతే తడక చాటున నారి లాగితే జింక పసిగట్టే అవకాశం ఎక్కువ. చేయి తిరిగినవారికే అది.

2. బట్టను తర్వాత చూడండి, ముందు కీలును చూడండి.

మడిచే గుడారాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఉక్కు తీగ చుట్టలతో చేసింది. సంచిలోంచి తీయగానే తనంతట తానే విచ్చుకుంటుంది. చవక, తేలిక. తిరిగి మడవాలంటే మాత్రం చీకట్లో నానా యాతన పడాలి. గాలి వీస్తే గోడలు లోపలికీ బయటికీ ఊగుతాయి. రెండోదాన్ని హబ్ బ్లైండ్ అంటారు. నాలుగు గోడలకూ నాలుగు, కప్పుకు ఒకటి, మొత్తం ఐదు కీళ్ళు. ఒక్కో కీలు నుంచి నాలుగు ఫైబర్‌గ్లాస్ కడ్డీలు మూలలకు సాగి ఉంటాయి. గోడ మధ్యలో ఉన్న పట్టీని పట్టుకుని బయటికి లాగితే కడ్డీలు బిగిసి, బట్ట తప్పెట చర్మంలా సాగి నిలుస్తుంది. విలుకాడు కొనవలసింది ఇదే. బట్ట బిగువుగా ఉంటేనే గాలికి టపటపలాడదు. టపటపలాడే గుడారం వైపు జింక రాదు.

ఆ కీలును చేత్తో పట్టుకుని చూడండి. కడ్డీ దిగే గూడు పలచటి ప్లాస్టిక్‌ది అయితే, మొదటి చలికాలంలోనే పగులుతుంది. మందమైన ప్లాస్టిక్ గానీ లోహం గానీ ఉండాలి. కడ్డీని వేళ్ళ మధ్య పట్టుకుని మరో గుడారం కడ్డీతో పోల్చండి. లావుగా ఉన్నదాన్నే ఎంచుకోండి. విడి కడ్డీలు, విడి కీళ్ళు అమ్ముతారేమో అడగండి. విడిభాగాలు దొరకని గుడారంలో ఒక్క కడ్డీ విరిగితే మొత్తం చెత్తబుట్టలో వేయాల్సిందే. ఆ లెక్కన అరవై డాలర్లది కూడా ఖరీదైనదే.

నేను మొదట కొన్నది డెబ్బై డాలర్ల గుడారం. చూడ్డానికి అడవిని కత్తిరించి కుట్టినంత అందంగా ఉండేది. నవంబరులో ఉత్తరపు చలిగాలి ఒక రాత్రి దిగింది. తెల్లారి వెళ్ళేసరికి గుడారం పెట్టిన చోట లేదు. వెతగ్గా, వెతగ్గా ఒక సెడార్ పొదలో చిక్కుకుని కనబడింది. మూడు కడ్డీలు విరిగాయి, ఒక మూల కుట్టు చిరిగింది. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు తెలిసొచ్చింది.

3. ఎత్తును మీ వింటితోనే కొలవండి.

పెట్టె మీద ‘ముగ్గురు కూర్చోవచ్చు’ అని రాసి ఉంటే నమ్మకండి. తుపాకీ పట్టుకుని ముడుచుకు కూర్చునేవాళ్ళ లెక్క అది. విలుకాడి లెక్క వేరు. పద్దెనిమిది అంగుళాల కుర్చీలో కూర్చుంటే సగటు మనిషి కన్ను నేల నుంచి సుమారు 46 అంగుళాల ఎత్తున ఉంటుంది. బాణం దానికి మూడు నాలుగు అంగుళాలు కిందుగా ఉంటుంది. కాంపౌండ్ విల్లు చక్రం నుంచి చక్రానికి 30 అంగుళాలు అనుకుంటే, పై చక్రం 58 అంగుళాల దాకా లేస్తుంది. కప్పు మధ్యలో ఎత్తుగా ఉండి గోడల వైపు వాలుతుంది. మనం విల్లు పట్టేది గోడకు దగ్గరగానే. అందుకే మధ్య ఎత్తు 66 అంగుళాలన్నా ఉండాలి, 70 ఉంటే నిశ్చింత. రికర్వ్ విల్లు అయితే 60 అంగుళాల పొడవు ఉంటుంది కాబట్టి ఎంత ఎత్తుంటే అంత మంచిది. అప్పుడు కూడా వింటిని కాస్త పక్కకు వాల్చాల్సి వస్తుంది.

వెడల్పు విషయంలో ఒక మెలిక ఉంది. గోడలు మధ్యలో ఉబికి ఉంటాయి కదా, కంపెనీలు ఆ ఉబ్బు నుంచి ఈ ఉబ్బు దాకా కొలిచిన అంకెను పెద్ద అక్షరాల్లో వేస్తాయి. మీరు చూడవలసింది నేల మీది కొలత. విల్లు పట్టిన చేతి నుంచి వెనక మోచేయి దాకా దాదాపు నాలుగు అడుగులు కావాలి. వింటి కొమ్మ ముందు గోడకు తగలకూడదు, మోచేయి వెనక గోడకు తగలకూడదు. ఒక్కరికైతే నేల మీద 60 అంగుళాల చదరం. పిల్లాణ్ణో స్నేహితుణ్ణో వెంటబెట్టుకుంటే 75 ఉండాలి.

కొట్టులో వేసి చూపించమని అడగండి. సిగ్గుపడకండి. లోపల కూర్చుని, ఖాళీ చేతులతోనే అయినా నారి లాగినట్టు లాగి చూడండి.

4. బట్ట మందాన్ని డెనియర్‌లో చెబుతారు.

తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 150 డెనియర్ బట్ట తేలిక, ఒక్క సీజనుకు సరి. 300 మధ్యరకం, ధరకూ మన్నికకూ సరిపోయింది. 600 గట్టిది, కానీ బరువు పెరుగుతుంది. మోయాల్సిన దూరం అర మైలు దాటితే ఆ బరువు భుజానికి తెలుస్తుంది. అంకె ఒక్కటే చాలదు. గుడారం లోపల నిలబడి వెలుతురు వైపు చూడండి. కుట్ల వెంట సూది రంధ్రాల్లో వెలుగు చుక్కలు కనబడితే అక్కడే వాన కారుతుంది. ఒకటీ అరా ఉంటే కుట్లకు పూసే జిగురుతో మూసుకోవచ్చు. వరుసగా కనబడితే వదిలేయండి. మూలల్లో, మేకు ఉంగరాల దగ్గర అదనపు బట్ట వేసి రెండు వరుసల కుట్టు వేశారో లేదో చూడండి. చిరిగేది ఎప్పుడూ అక్కడే.

5. లోపల నల్లగా ఉండాలి, మీరూ నల్లగా ఉండాలి.

లోపలి వైపు నల్లటి పూత ఉన్న గుడారాన్నే కొనండి. చీకటి గదిలో ఉన్న మనిషి వెలుతురులో ఉన్నవారికి కనబడడు. ఈ కిటుకంతా అంతే. గుడారంలోకి ఆకుల బొమ్మల చొక్కా వేసుకుని వెళ్ళేవాళ్ళను చూస్తుంటాను. నల్లటి లోపలి గోడ ముందు ఆ చొక్కా తెల్లగా మెరుస్తుంది. పాత నల్ల టీషర్టు, నల్ల చేతి తొడుగులు, ముఖానికి నల్ల ముసుగు చాలు. ఇవన్నీ ఇంట్లో ఉండేవే, కొనక్కర్లేదు. వెనక వైపు కిటికీలన్నీ మూసేయండి. ముందూ వెనకా తెరిస్తే మీ తల నీడలా స్పష్టంగా కనబడుతుంది.

6. కిటికీ దగ్గర మూడు సంగతులు.

మొదటిది చప్పుడు. వెల్క్రో పట్టీని లాగితే వచ్చే ‘చర్ర్’ శబ్దం అడవంతా వినబడుతుంది. చీమ చిటుక్కుమన్నా చెవులు రిక్కించే జంతువు జింక. జారే కొక్కేలో, గుడ్డ గుండీలో ఉన్న కిటికీలను ఎంచుకోండి. కొన్న గుడారానికి వెల్క్రోనే ఉంటే, వేటకు కూర్చోగానే ఏ కిటికీ కావాలో తెరిచి పెట్టేసి, మళ్ళీ తాకకండి.

రెండోది కిటికీ అంచు. ఇది కొత్తవారికి ఎవరూ చెప్పరు. కంటికి జింక నిండుగా కనబడుతుంది, గురి కుదురుతుంది, నారి వదులుతాం. బాణం మాత్రం కంటి కన్నా మూడు నాలుగు అంగుళాలు కిందుగా బయలుదేరుతుంది కదా. కిటికీ కింది అంచు అడ్డు తగిలితే బాణం పక్కకు పోతుంది. జింక తప్పించుకుంటే అదృష్టం. గాయపడి పోతే ఆ పాపం మనది. అందుకే అడ్డంగా ఉండే సన్నటి కిటికీల కన్నా, కిందికి దించుకోగల నిలువు కిటికీలు విలుకాడికి మేలు.

మూడోది జాలీ. కొన్ని కిటికీలకు బాణం దూసుకుపోయే సన్నటి వల ఉంటుంది. రెక్కలు కదలని ములికితోనే ఆ వలలోంచి వేయాలి. తగలగానే విచ్చుకునే ములికి అయితే, వల తగిలి ముందే విచ్చుకోవచ్చు, గురి తప్పుతుంది. అలాంటి ములికి వాడేవారు వలను ముందే తీసేయాలి.

7. ఆకుల బొమ్మ కోసం ఒక్క డాలరు ఎక్కువ పెట్టకండి.

జింక కంటికి మనలా మూడు కాదు, రెండు రకాల రంగు కణాలే ఉంటాయి. ఎరుపు, నారింజ దానికి మసకగా ఉంటాయి. నీలం మాత్రం మనకన్నా బాగా కనబడుతుంది. గుడారం మీద ఏ చెట్టు ఆకు అచ్చు వేశారన్నది దానికి పట్టదు. పెట్టె ఆకారంలో కొత్త వస్తువు ఒకటి హఠాత్తుగా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే దాని అనుమానం. గుడారానికి కొమ్మలు చుట్టడానికి వీలుగా బయట పట్టీలు ఉన్నాయో లేదో చూసుకోండి. బొమ్మ కన్నా అవి ముఖ్యం. సెడార్ కొమ్మలు నాలుగు కట్టి అంచులు కలిసిపోయేలా చేస్తే, ఏ రంగు గుడారమైనా ఒకటే. తెల్లదనం తెచ్చే సబ్బులతో మాత్రం గుడారాన్నీ బట్టలనూ ఉతక్కండి. ఆ మెరుపు జింక కంటికి తెలుస్తుంది.

8. మేకులు విడిగా కొనండి.

గుడారంతో వచ్చే సన్నటి మేకులు టెక్సస్ హిల్ కంట్రీ సున్నపురాయి నేలలో వంగిపోతాయి. ఇనుప సామాన్ల కొట్టులో అడుగు పొడవు కట్టడపు ఇనుప చువ్వలు కొనుక్కుంటే పది డాలర్లు కూడా కావు. గోడల కీళ్ళకు కట్టే తాళ్ళు నాలుగూ వాడండి. ‘ఈ పూటకు ఏం కాదులే’ అని రెండు కట్టి వదిలేసినవాడి గుడారం ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఆపైన ఒక తాడు దగ్గర్లోని చెట్టు మొదలుకు కట్టండి.

9. కుర్చీ చప్పుడు చేయకూడదు, తిరగాలి.

అంతకు మించి ఏమీ అక్కర్లేదు. కాళ్ళ ఎత్తు సర్దుకోగలిగితే కిటికీ అంచుకు సరిపెట్టుకోవచ్చు.

10. గాలివాటం చూసి రెండు చోట్లు ఎంచుకోండి.

మడిచే గుడారానికి ఉన్న గొప్ప సుగుణం ఇదే. మా వైపు ఎక్కువ రోజులు దక్షిణపు గాలి. అలాంటప్పుడు జింకల దారికి ఉత్తరాన కూర్చోవాలి, మన వాసన వాటి వైపు పోదు. చలిగాలి దిగి ఉత్తరం నుంచి వీచినప్పుడు అదే చోట కూర్చుంటే పొద్దంతా వృథా. అప్పటికి దారికి దక్షిణాన రెండో చోటు సిద్ధంగా ఉండాలి. పొద్దున వేటకు సూర్యుడు వెనక ఉండేలా పడమటి వైపు చూస్తూ కూర్చోండి. ఎండ కిటికీలోంచి ముఖాన పడితే నల్లటి గుడారమూ దాచలేదు.

కొత్త గుడారాన్ని వేటకు రెండు మూడు వారాల ముందే వేసి ఉంచండి. వేయడానికి ముందు వారం రోజులు వాకిట్లో గాలికి ఆరబెట్టి కొత్త వాసన పోగొట్టండి. లోపల నేల మీది ఎండుటాకులు, పుల్లలు పూర్తిగా ఊడ్చేయండి. కాలు కదిపినా చప్పుడు కాకూడదు. అక్టోబరులోనూ ఇక్కడ మధ్యాహ్నం ఎండ మండిపోతుంది, నల్లటి గుడారం కొలిమి అవుతుంది. లైవ్ ఓక్ నీడ ఉన్న చోటు వెతుక్కోండి. నీళ్ళు మర్చిపోకండి.

11. జింకల కన్నా ముందు వచ్చే అతిథులు.

కౌలు నేలలో పశువులుంటే, అవి గుడారానికి ఒళ్ళు రుద్దుకుని ఒక్క పూటలో కూల్చేస్తాయి. అడవి పందులు కింది అంచును మోరతో ఎత్తేస్తాయి. చుట్టూ నాలుగు ఇనుప గుంజలు పాతి తీగ కట్టుకోండి, యజమానిని అడిగి మాత్రమే. ఎర్రచీమల పుట్ట పక్కన గుడారం వేయకండి. లోపలికి అడుగు పెట్టేముందు టార్చి వేసి నాలుగు మూలలూ, కుర్చీ కిందా చూడండి. వెచ్చగా చీకటిగా ఉండే చోటు పాములకూ ఇష్టమే.

12. జనవరి, ఫిబ్రవరిలో కొనండి.

సీజను ముగియగానే కొట్లలో ధరలు తగ్గుతాయి. అప్పుడు కొన్న 300 డెనియర్ గుడారం, సెప్టెంబరులో అదే డబ్బుకు వచ్చే 150 డెనియర్ గుడారం కన్నా రెండేళ్ళు ఎక్కువ ఉంటుంది. పాతది కొనేటప్పుడు చేతి తొడుగులు వేసుకుని కడ్డీలు తడమండి. పీచు లేచిన ఫైబర్‌గ్లాస్ చర్మంలో దిగితే తీయడం కష్టం, పైగా అలాంటి కడ్డీ విరగడానికి సిద్ధంగా ఉందన్నమాట. బట్టను గోటితో గట్టిగా గీకండి. పొడిలా రాలితే ఎండకు పుచ్చిపోయింది. బూజు వాసన వస్తే బేరమాడకుండా వచ్చేయండి, ఆ వాసన పోదు.

13. సీజనంతా ఎండలో వదిలేయకండి.

గుడారాన్ని చంపేది ఎండ. వాన రెండోది, ఎలుకలు మూడోవి. వేట అయిన వారంలోపు ఇంటికి తెచ్చి, తడి పూర్తిగా ఆరాకే మడిచి, ఎలుకలు చొరబడని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టండి. అలా చూసుకుంటే నూట యాభై డాలర్ల గుడారం ఐదారేళ్ళు వస్తుంది. నా రెండో గుడారం ఇప్పటికి ఏడో సీజను చూస్తోంది. మంచు పడే రాష్ట్రాల్లో ఉండేవారు కప్పు కింద మధ్యలో ఒక కర్ర నిలబెట్టండి. తడి మంచు బరువుకు కప్పు కీలు లోపలికి విరిగి పడుతుంది.

14. కాగితాలు సరిచూసుకోండి.

టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట శిక్షణ పూర్తి చేయాలి. డాలస్‌కు ఉత్తరాన ఉన్న గ్రేసన్ కౌంటీలో జింకను విల్లు, క్రాస్‌బోలతో మాత్రమే వేటాడనిస్తారు. ఫెడరల్ చట్టంలో తుపాకీకి ఇచ్చిన నిర్వచనంలోకి విల్లు రాదు. హెచ్-1బి వంటి వీసాల మీద ఉన్నవారికి తుపాకీ విషయంలో ఉండే చిక్కులు విల్లుకు లేనిది అందుకే. నేనూ అలాగే మొదలుపెట్టాను. అయినా రాష్ట్రం వేట లైసెన్సు తప్పనిసరి. ప్రభుత్వ భూముల్లో గుడారాన్ని రాత్రి వదిలి రావచ్చా, దాని మీద పేరు రాయాలా అన్నది రాష్ట్రానికో తీరు. తుపాకీ కాలంలో గుడారం లోపల మనిషి ఉన్నాడని బయటివారికి తెలియాలి కూడా. విస్కాన్సిన్‌లో ఆ రోజుల్లో ప్రభుత్వ భూమిలో వేసిన గుడారానికి అన్ని వైపుల నుంచీ కనబడేలా కనీసం 144 చదరపు అంగుళాల మెరుపు నారింజ గానీ గులాబీ గానీ గుడ్డ కట్టాలి. మీ రాష్ట్రం అడగకపోయినా కట్టండి.

15. గుడారంలోంచే సాధన చేయండి.

నిలబడి బయలు ప్రదేశంలో వంద బాణాలు గురి చూసి వేసినవాడు కూడా, చీకటి గుడారంలో కూర్చుని, సన్నటి కిటికీలోంచి వేస్తే తడబడతాడు. గురి చూసే సూది చీకట్లో కనబడదు. మోకాలు వింటికి అడ్డం వస్తుంది. కిటికీ అంచు సంగతి ఇంతకుముందే చెప్పాను. ఊళ్ళో నిబంధనలు ఒప్పుకుంటే పెరట్లో, లేకపోతే విలువిద్య మైదానంలో అడిగి, ఒక రోజు గుడారం వేయండి. వేటకు వేసుకునే బట్టలు, అదే కుర్చీ, అదే ములికి బరువుతో సాయంత్రం వెలుతురు తగ్గే వేళ వేయండి. ఎంత దూరంలో పదికి పది బాణాలు అరచేయంత చోట పడతాయో, అంతకన్నా దూరంలో ఉన్న జింక మీద బాణం వేయకండి. అది పదిహేను గజాలే అయినా సరే, ఈ ఏడాదికి మీ హద్దు అదే.